వడ్రంగి పాటగాడు పెద్రో ఇన్ఫాంతే: జీవితం, పాటలు, సినిమాలపై చర్చ

పాతపాటల పెట్టె:

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో ఎన్నో దేశాల పాత గాయకుల గురించి మాట్లాడుకున్నాము గాని, మెక్సికో వైపు ఇంతవరకు ఎవరూ తొంగి చూడలేదు. అక్కడి జనం ఈనాటికీ తమ ఇంటి మనిషిగా చెప్పుకొనే గాయకుడు, నటుడు పెద్రో ఇన్ఫాంతే గురించి కొన్నేళ్లుగా వింటూ, చూస్తూ, చదువుతూ వస్తున్నాను. ఈ చర్చను ఆయనకే కేటాయించాలని నా కోరిక.

పెద్రో 1917 నవంబరు 18న పసిఫిక్ సముద్రతీరంలోని మసాత్లాన్‌లో పుట్టాడు. అది సినలోవా రాష్ట్రంలో ఉన్న రేవు పట్టణం. తండ్రి బ్యాండు మేళాల్లో డబుల్ బాస్ వాయించేవాడు, తల్లి బట్టలు కుట్టేది. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. కుటుంబం అదే రాష్ట్రంలోని గ్వామూచిల్ అనే చిన్న ఊరికి చేరింది. తనను గ్వామూచిల్ వాడినని చెప్పుకోవడమే పెద్రోకు ఇష్టం. చదువు కొద్ది కాలానికే ఆగిపోగా వడ్రంగం నేర్చుకున్నాడు. తొలి గిటారును తన చేతులతోనే చేసుకున్నాడని ఆయన జీవితం గురించి రాసిన వారందరూ చెబుతారు. సంగీతంలో ఓనమాలు నేర్పింది తండ్రే. తరువాత రాష్ట్ర రాజధాని కులియకాన్‌లో ఒక వాద్యబృందంలో చేరి, స్థానిక రేడియోలో పాడుతుండగా మరియా లూయిసా లెయోన్‌తో పరిచయమైంది. 1939లో వారికి పెళ్లయింది. ఆ ఏడాదే ఇద్దరూ బతుకుతెరువు వెతుక్కుంటూ మెక్సికో నగరానికి వెళ్లారు. అక్కడ ఎక్స్ఇబి రేడియో కేంద్రంలోను, హోటళ్లలోను పాడుతూ నిలదొక్కుకున్నాడు. 1943లో పీర్‌లెస్ సంస్థకు తొలి రికార్డులు ఇచ్చాడు. సినిమాల్లో చిన్న వేషాలు అంతకుముందే మొదలయ్యాయి.

అక్కడి నుంచి 1957లో మరణించే దాకా, అంటే పట్టుమని పదిహేనేళ్లలో, దాదాపు 60 సినిమాలు, 300కు పైగా పాటలు చేశాడు. పోయేనాటికి ఆయన వయసు 39 ఏళ్లు. ప్రతి ఏప్రిల్ 15న మెక్సికో నగరంలోని పంతెయోన్ హర్దీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి దగ్గర జనం పోగై, పగలంతా ఆయన పాటలు పాడుకుంటారు. ఆయన బతికుండగా చూసిన వారే కాదు, వారి మనవలు కూడా వస్తారు. శాస్త్రీయ శిక్షణ లేని ఒక గొంతు, శిక్షణ పొందిన గొంతులన్నింటినీ దాటుకుని ఇంత కాలం ఎలా నిలిచిందో సభ్యులు తమకు తెలిసినంతలో చెప్పగలరా?

కృష్ణాతీరం:

పెట్టె గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను పదకొండేళ్లుగా హ్యూస్టన్‌లో ఇళ్ల నిర్మాణ రంగంలో ఉన్నాను. మా పనిచోట వడ్రంగుల్లో చాలామంది మెక్సికో వారే. వారిలో సినలోవా నుంచి వచ్చిన ఒక పెద్దాయన తలుపు చట్రానికి చిత్రిక పడుతూ ఎప్పుడూ ఒకే వరుసను ఈల వేసేవాడు. చిత్రిక ముందుకు పోయేటప్పుడు ఈల సాగేది, వెనక్కి లాగేటప్పుడు ఆగేది. ఒకరోజు గోడకు అవతల పని చేస్తున్న కుర్రవాడు ఆ ఈలకు జవాబుగా తరువాతి చరణం ఈల వేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, పనీ ఆపలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పాటేమిటని అడిగాను. పెద్దాయన రొట్టె పక్కన పెట్టి, "అమోర్సీతో కొరసోన్" అని పేరు చెప్పి, "పెద్రోది" అన్నాడు. ఏ పెద్రో అని నేను అడగడమే ఆయనకు వింతగా తోచింది.

ఆ పాట ఏ సినిమాలోదో, ఆ ఈల సంగతేమిటో తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

చిత్తరువు:

కృష్ణాతీరం గారు విన్నది 1948లో వచ్చిన "నొసోత్రోస్ లోస్ పోబ్రెస్" సినిమాలోని పాట. ఆ పేరుకు "మేము పేదవాళ్లం" అని అర్థం. దర్శకుడు ఇస్మాయెల్ రొద్రీగెస్. పాటకు స్వరం కట్టినది మనువేల్ ఎస్పెరోన్, మాటలు రాసినది పెద్రో దె ఉర్దిమాలాస్.

ఈ సినిమాలో పెద్రో వేసినది పేపె ఎల్ తోరో అనే వడ్రంగి పాత్ర. తాను చేసిన వృత్తినే తెర మీద మళ్లీ చేశాడు కనుక, ఉలి పట్టే తీరులోను, చెక్కను నిమిరి చూసే తీరులోను ఎక్కడా తడబాటు కనబడదు. కథ మెక్సికో నగరంలోని ఒక పేదవాడలో, నడిమి వాకిలి చుట్టూ వరుసగా గదులున్న ఇళ్ల మధ్య జరుగుతుంది. మన పాత పట్టణాల్లో ఒకే వాకిట్లో పది కుటుంబాలు కాపురముండే లోగిళ్లు చూసినవారికి ఆ చోటు పరాయిగా అనిపించదు. చెత్తకుండీలో ఇద్దరు వీధి పిల్లలకు ఒక పుస్తకం దొరుకుతుంది. వాళ్లు పుటలు తిప్పగా కథ మొదలవుతుంది. పేపె తన కొట్టులో నిలబడి ఈల వేస్తే, అతడు మనసిచ్చిన పిల్ల అవతల నుంచి ఈలతో బదులిస్తుంది. హ్యూస్టన్‌లో మీరు గోడకు అటూ ఇటూ విన్నది అచ్చంగా ఆ సన్నివేశమే.

ఇక ఆ సినిమాలో నేను ఎప్పటికీ మరచిపోలేని ఘట్టం పాటది కాదు. పేపె తల్లి పక్షవాతంతో కదలలేదు, మాట్లాడలేదు. పని కోసం ఒకరు ముందుగా ఇచ్చిన డబ్బు ఇంట్లో ఉంటే, దాన్ని దొంగిలించేవాడు ఆమె కళ్ల ముందే దొంగిలిస్తాడు. ఆమె చూస్తుంది, ఎవరికీ చెప్పలేదు. దర్శకుడు ఆ ముసలి తల్లి కళ్లను దగ్గరగా చూపించినప్పుడు, చూసేవాడు కుర్చీలోంచి లేచి ఆమె తరఫున కేక వేయాలనుకుంటాడు. పేపె మీద చేయని హత్యానేరం పడి జైలుకు పోవడం, అతణ్ని తండ్రి అనుకుంటున్న చచీతా నిజానికి అతని చెల్లెలి బిడ్డ కావడం, ఆ చెల్లెలు క్షయతో కృశిస్తూ ఉండటం, ఇవన్నీ కష్టం మీద కష్టంగా వచ్చి పడతాయి. ఇంత కన్నీరు అవసరమా అని అనేవారున్నారు. అవసరమేనని నా అభిప్రాయం. ఆ సినిమా చూడటానికి వచ్చిన జనం బతుకుల్లో కష్టాలు ఒకదాని తరువాత ఒకటి తీరుబడిగా వచ్చేవి కావు.

దాని తరువాయి భాగం "ఉస్తేదెస్ లోస్ రికోస్" కూడా 1948లోనే వచ్చింది. "మీరు డబ్బున్నవాళ్లు" అని దాని అర్థం. అందులో "తోరీతో" అనే పేరుగల పేపె పసిబిడ్డ మంటల్లో చనిపోతాడు. కాలిన బిడ్డను చేతుల్లోకి తీసుకుని తండ్రి ముందు నవ్వుతాడు, ఆ నవ్వు మెల్లమెల్లగా ఏడుపులోకి దిగుతుంది, మళ్లీ నవ్వవుతుంది. మతి చలించే అంచున నిలబడ్డ మనిషి అలాగే ఉంటాడు. నటనలో ఓనమాలు ఎవరి దగ్గరా దిద్దుకోని మనిషి ఆ పని ఎలా చేశాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ రెండు సినిమాల్లోనూ నాయిక బ్లాంకా ఎస్తేలా పవోన్. ఆమె 1949 సెప్టెంబరు 26న విమాన ప్రమాదంలో, పొపొకతేపెత్ల్ కొండ దగ్గర మరణించింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. మూడవ భాగం "పేపె ఎల్ తోరో" 1953లో వచ్చేసరికి, ఆ స్థానంలో మరొకరిని పెట్టకుండా, కథలోనే ఆమె పాత్ర చనిపోయినట్లు రాశారు. జనం ఆ జంటను అంతగా నమ్మారు.

విశాఖ కెరటం:

చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. ఈ పాటలన్నీ ఆయన స్వయంగా పాడినవేనా? మన సినిమాల్లో తెర మీద పెదవులు కదిపేవారు ఒకరు, పాడేవారు మరొకరు కదా. అలాగే హోర్హే నెగ్రేతే అనే గాయకుడి పేరు కూడా పెద్రోతో పాటు తరచుగా వినబడుతుంది. ఇద్దరిలో ఎవరు మిన్న?

పాతపాటల పెట్టె:

కెరటం గారూ, అన్నీ ఆయన పాడినవే. ఆనాటి మెక్సికో సినిమాకు పాడగలిగిన నాయకుడే కావలసి వచ్చేది. మనకు చిత్తూరు నాగయ్య గారి రోజుల్లో ఉన్న పద్ధతే అక్కడ చాలా కాలం కొనసాగిందనుకుంటే సరిపోతుంది.

నెగ్రేతే సంగతి వేరు. ఆయన సైనిక పాఠశాలలో చదివినవాడు, ఒపేరా గానంలో శిక్షణ పొందినవాడు. గొంతు విప్పితే మైకు అక్కరలేదనిపిస్తుంది. ఆయన గుర్రం మీద కూర్చుని పాడితే ఒక జమీందారు పాడినట్లుంటుంది. పెద్రో గొంతులో అంత బలం లేదు, అంత విస్తారమూ లేదు. అయితే ఆయనకు మైకు దగ్గర నిలబడి, ఎదుటి మనిషి చెవిలో మాట చెప్పినట్లు పాడటం తెలుసు. స్వరం చివర కొద్దిగా వణికించి వదిలేస్తాడు, మాట మధ్యలో నవ్వు కలుపుతాడు, ఒక్కొక్కచోట ఊపిరి కూడా వినబడుతుంది. ఇవి శిక్షణ ఉన్నవారు తప్పులుగా భావించి దిద్దుకునే లక్షణాలు. పెద్రో వాటినే సొమ్ముగా చేసుకున్నాడు.

ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. అప్పటి దాకా రాంచేరా పాటలు పల్లెలవి, గుర్రాలవి, పంతాలవి. బొలేరో పాటలు నగరాలవి, రాత్రిపూట పియానో పక్కన మెల్లగా పాడుకునే ప్రేమపాటలు. ఈ బొలేరోలను మరియాచి మేళంతో, అంటే వయొలిన్లు, ట్రంపెట్లు, గిటారోన్ తోడుగా పాడే పద్ధతిని జనంలోకి తీసుకుపోయిన గొంతు పెద్రోదే. దాన్ని బొలేరో రాంచేరో అంటారు. పల్లె వదిలి లక్షల మంది మెక్సికో నగరానికి వలస వస్తున్న రోజులవి. వచ్చినవాడికి ఊరి వాద్యమూ కావాలి, పట్నపు ప్రేమా కావాలి. రెండూ ఒకే పాటలో దొరికాయి. నా మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ఆ తరువాత అదే దారిలో మరింత దూరం వెళ్లినవాడు హవియర్ సోలీస్. నెగ్రేతే, ఇన్ఫాంతే, సోలీస్ ముగ్గురినీ కలిపి మెక్సికో వారు "మూడు కోడిపుంజులు" అని పిలుచుకుంటారు. ముగ్గురూ చిన్న వయసులోనే పోయారు. నెగ్రేతే 1953లో, పెద్రో 1957లో, సోలీస్ 1966లో.

ఎవరు మిన్న అంటే, గొంతు నెగ్రేతేది గొప్పది. వినేవాడి పక్కన కూర్చునే గుణం పెద్రోది. నేను రెండవదానికే ఓటు వేస్తాను.

చిత్తరువు:

పెట్టె గారి మాటకు ఒక అనుబంధం. వారిద్దరూ కలిసి నటించిన సినిమా ఒక్కటే, 1953 నాటి "దోస్ తీపోస్ దె కుయిదాదో". దర్శకుడు ఇక్కడా రొద్రీగెసే. అందులో ఒక విందులో ఇద్దరు నాయకులూ ఒకరి మీద ఒకరు పద్యాలు అల్లి, పాటగా దెబ్బకు దెబ్బ తీసుకునే ఘట్టం ఉంది. నెగ్రేతే నిటారుగా నిలబడి గంభీరంగా పాడతాడు. పెద్రో చిలిపిగా ఒళ్లు వంచి, కళ్లు చికిలించి బదులిస్తాడు. ఇద్దరి శైలుల్లో తేడా తెలుసుకోవాలంటే ఆ ఘట్టం చూస్తే చాలు. ఆ సినిమా విడుదలైన కొద్ది వారాలకే, డిసెంబరు 5న, నెగ్రేతే లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు.

మల్లెపందిరి:

చర్చ ఆసక్తిగా సాగుతోంది. అయితే ఒక విషయం నిలదీసి అడగాలనిపిస్తోంది. మొదటి టపాలో మరియా లూయిసా లెయోన్ పేరు ఒక్కసారి వచ్చి ఆగిపోయింది. భర్తలోని ప్రతిభను ముందు గుర్తించినది ఆమె, సినలోవాలో ఉంటే వడ్రంగిగానే మిగిలిపోతావని పట్టుబట్టి రాజధానికి తీసుకువెళ్లినది ఆమె. అక్కడ చేతిలో పైసా లేని రోజుల్లో కాపురం లాక్కొచ్చినది కూడా ఆమే. పేరు వచ్చాక ఆ మనిషి ఏం చేశాడు? లుపీతా తొర్రెంతెరా అనే నర్తకితో బంధం పెట్టుకున్నాడు. అది మొదలైనప్పటికి ఆమె ఇంకా బాలిక. వారికి పిల్లలు కలిగారు. ఆ తరువాత నటి ఇర్మా దొరాంతెస్‌ను 1953లో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్యతో తెగతెంపులు సక్రమంగా జరగలేదని వ్యాజ్యం నడిచి, చివరకు ఆ రెండవ పెళ్లి చెల్లదని న్యాయస్థానం తేల్చింది. తెర మీద పేదల పక్షాన నిలిచి కన్నీరు కార్చిన మనిషి ఇంట్లోని ఆడవారి విషయంలో ఇలా నడుచుకుంటే, దాన్ని పక్కన పెట్టి పాటలను మాత్రమే మెచ్చుకోవడం నాకు చేతకాదు.

పాతపాటల పెట్టె:

పందిరి గారూ, మీ ఆక్షేపణ పూర్తిగా సమంజసం. మరియా లూయిసా గురించి నేను ఒక్క వాక్యంతో సరిపెట్టడం పొరపాటే. ఆమె లేకపోతే రాజధాని లేదు, రేడియో లేదు, మనం ఇప్పుడు మాట్లాడుకునే మనిషీ లేడు. లుపీతా చిన్నవయసు విషయంలో సమర్థించడానికి ఏమీ లేదు, నేను సమర్థించబోను.

అయితే ఆ తీర్పు వచ్చిన సమయం గమనించదగినది. పెళ్లి చెల్లదన్న తీర్పు 1957 ఏప్రిల్‌లో, ఆయన మరణానికి కొద్ది రోజుల ముందే వెలువడింది. అప్పుడు ఆయన యుకతాన్ రాష్ట్రంలోని మెరీదాలో ఉన్నాడు. ఈ చిక్కు గురించే హడావుడిగా మెక్సికో నగరానికి బయలుదేరాడని ఆయన జీవితచరిత్రల్లో సాధారణంగా చెబుతారు. అంటే మీరు చెప్పిన ఇంటి కథ, అందరికీ తెలిసిన విమానం కథ, రెండూ ఒకే ముడి దగ్గర కలుస్తున్నాయి.

మల్లెపందిరి:

అంగీకరించినందుకు ధన్యవాదాలు. నాకు కావలసినది ఆయనను తీసిపారేయడం కాదు, ఆయన కథలో ఆ ముగ్గురు స్త్రీలకు తమ స్థానం తమకు దక్కడమే. ఇప్పుడు పాటల వైపు నేనూ సంతోషంగా వస్తాను. పుట్టినరోజు ఉదయాన ఆప్తులను నిద్రలేపుతూ పాడే "లాస్ మన్యనీతాస్" అనే సంప్రదాయ గీతానికి మెక్సికో ఇళ్లలో ఎక్కువగా మోగేది ఆయన గొంతేనని నా స్నేహితురాలు చెప్పింది. ఆమె తల్లి పుట్టినరోజున నేను వాళ్లింట్లో ఉన్నాను. తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే పిల్లలు పాట పెట్టి, ఆవిడ పడకగది తలుపు బయట నిలబడ్డారు. ఆవిడ తలుపు తీసేలోపే పెద్రో గొంతుతో కలిసి ఏడుస్తూ పాడటం లోపలి నుంచి వినిపించింది.

నల్లమల దారి:

ఆక్షేపణల మాట వచ్చింది కనుక నాదీ ఒకటి ఉంది. పెద్రోకు అంతర్జాతీయంగా గొప్ప పేరు తెచ్చిన సినిమా "తీసోక్". అందులో మరియా ఫేలిక్స్ ఆయన సరసన నటించింది. 1957లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా వెండి ఎలుగుబంటి బహుమతి ఆయనకు దక్కింది. అప్పటికి ఆయన మరణించి కొద్ది నెలలే. కానీ ఆ పాత్రను చూడండి. కొండల్లో ఉండే ఆదివాసీ యువకుణ్ని లోకం తెలియని పసివాడిలా, ముద్దుముద్దు మాటలు మాట్లాడేవాడిలా చూపించారు. ఆదివాసీల గురించి మైదానం వాళ్లు తీసే సినిమాల్లో ఈ పోకడ నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. అమాయకత్వాన్ని మెచ్చుకుంటున్నట్లే ఉంటుంది, కానీ అవతలి మనిషికి బుద్ధి ఉందని ఒప్పుకోవడం ఉండదు. బహుమతి ఇచ్చినవారికి అది కనబడలేదు.

"అంహెలీతోస్ నేగ్రోస్" మాటేమిటి? 1948లో వచ్చిన ఆ సినిమా వర్ణవివక్షను ఎదిరించేదే. తెల్లని తల్లికి నల్లని బిడ్డ పుడితే, తల్లి ఆ బిడ్డను తాకడానికి కూడా ఇష్టపడదు. ఆమె చీదరించుకునే నల్లని ఆయా నిజానికి ఆమె కన్నతల్లి. ఉద్దేశం మంచిదే. ఆ ఆయా పాత్రను మాత్రం క్యూబా గాయని రీతా మొంతానేర్ ముఖానికి నల్లరంగు పూసుకుని వేసింది. దేవుడి గుళ్లలో నల్లని దేవదూతల బొమ్మలు ఎందుకు గీయవని చిత్రకారుణ్ని ప్రశ్నించే పాట, వెనెజువేలా కవి అంద్రేస్ ఎలోయ్ బ్లాంకో కవితకు స్వరం కట్టినది, ఆ సినిమాలోనే ఉంది. పాట అడిగిన ప్రశ్న సినిమా తీసినవారికి కూడా వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను.

చిత్తరువు:

దారి గారూ, "తీసోక్" విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆయన నటనలో అది ఉత్తమమైనది కాదు కూడా. మెక్సికోలో ఆయనకు ఉత్తమ నటుడిగా ఆరియెల్ బహుమతి తెచ్చిన "లా వీదా నో వాలె నాదా" 1955లో వచ్చింది, నా దృష్టిలో దానికే ఎక్కువ విలువ. తాగుబోతుతనం, నిలకడలేనితనం, తండ్రి మీద కోపం, ఎక్కడా నాలుగు రోజులు నిలవలేని ఒక యువకుడి కథ అది. అక్కడ ఆయన చేతులు ఆడించడం తగ్గింది, ముఖం మీది నవ్వు తగ్గింది.

ఆయనలో హాస్యం, శ్రమ రెండూ చూడాలంటే 1948 నాటి "లోస్ త్రెస్ వస్తేకోస్" చూడాలి. పుట్టగానే విడిపోయిన ముగ్గురు కవలలుగా, ఒక సైనికుడు, ఒక పూజారి, ఒక నిర్లక్ష్యపు పల్లెటూరి మొనగాడిగా ముగ్గురినీ ఆయనే వేశాడు. మీసం, టోపీ మార్చి సరిపెట్టలేదు. ముగ్గురి నడక వేరు, కుర్చీలో కూర్చునే తీరు వేరు, మాట తీసే తీరు వేరు. అదే కాలంలో వచ్చిన "లా ఓవెహా నేగ్రా"లో తప్పుచేసే తండ్రి ఎదుట, తల్లి కోసం తల వంచి నిలబడే కొడుకు వేషం. తండ్రి పాత్రధారి ఫెర్నాందో సోలెర్ అప్పటికే మహానటుడు. ఆయన పక్కన పెద్రో ఎక్కడా తేలిపోడు.

1951లో వచ్చిన "ఆ తోదా మాకినా"లో ట్రాఫిక్ పోలీసు మోటారుసైకిలిస్టుగా, లూయిస్ అగిలార్ తోడుగా చేసిన విన్యాసాలు ఇప్పటికీ గుండె దడ పుట్టిస్తాయి. ఆ పోలీసు దళం ఆయనను తమవాడిగానే స్వీకరించింది, చివరి యాత్రలో కూడా వెంట నడిచింది.

ఈ సినిమాలన్నీ అంత వేగంగా ఎలా తీయగలిగారన్నది వేరే కథ. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా తన పక్షాన ఉన్న మెక్సికోకు ముడి ఫిల్ము ఇచ్చింది, తటస్థంగా ఉన్న అర్జెంటీనాకు కోత పెట్టింది. దానితో స్పానిష్ భాషా ప్రపంచమంతటా మెక్సికో సినిమాకు దారి తెరుచుకుంది. పెద్రో సరిగ్గా ఆ గడియకు రాజధానిలో ఉన్నాడు. మరియా లూయిసా పట్టుదల విలువ ఇక్కడ ఇంకొకసారి కనబడుతుంది.

గగనపథం:

నేను విమానయాన రంగంలో పని చేస్తాను కనుక, ఆ వైపు నుంచి రాస్తాను. పెద్రోకు విమానం నడపడం సరదా మాత్రమే కాదు. లైసెన్సు పొంది, దాదాపు 3000 గంటలు నడిపాడు. తల్లి ఇంటి పేరుతో "కెప్టెన్ క్రూస్"గా పైలట్ల మధ్య చలామణి అయ్యాడు. తమ్సా అనే సరుకు రవాణా విమాన సంస్థలో ఆయనకు వాటా ఉండేది.

ఆయనకు మూడు ప్రమాదాలు జరిగాయి. మొదటిది సినలోవాలో 1947లో, పెద్దగా ప్రాణాపాయం లేకుండా తప్పింది. రెండవది 1949 మే నెలలో, మిచోవకాన్ రాష్ట్రంలోని సితాక్వారో ప్రాంతంలో. పుర్రె పగిలి, శస్త్రచికిత్సలో తలలో లోహపు పలక అమర్చవలసి వచ్చింది. ఆ తరువాత కూడా ఆయన మళ్లీ విమానం ఎక్కాడు. ఎక్కడమే కాదు, నడిపాడు.

మూడవది 1957 ఏప్రిల్ 15 ఉదయం. మెరీదా నుంచి మెక్సికో నగరానికి బయలుదేరిన ఆ విమానం, యుద్ధకాలపు నాలుగు ఇంజన్ల బి-24 బాంబర్‌ను సరుకు రవాణాకు మార్చినది. యుద్ధం అయ్యాక ఇలాంటివి చవకగా దొరికేవి, లాటిన్ అమెరికా సంస్థలు చాలా కొన్నాయి. పెద్రో సహపైలట్ స్థానంలో ఉన్నాడు. నేల విడిచిన కొద్ది నిమిషాలకే విమానం మెరీదాలోని ఇళ్ల మీద కూలింది. విమానంలోని ముగ్గురూ పోయారు, నేల మీద ఉన్నవారూ పోయారు. ఆయన పేరు తలచుకున్నప్పుడు, ఆ ఉదయం తమ ఇంటి వాకిట్లో ఉండి, ఆకాశం నుంచి వచ్చిన చావుకు బలైపోయిన మెరీదా వాళ్లను కూడా తలచుకోవాలని నేను మనఃపూర్వకంగా కోరుతున్నాను. పెరట్లో పని చేసుకుంటున్నవారికి, బరువుతో పైకి లేచే విమానానికి మధ్య ఎంత తక్కువ దూరం ఉంటుందో మా వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

బాటసారి:

గగనపథం గారూ, ఆయన ఆ రోజు చనిపోలేదని, ముఖం కాలి ఎక్కడో అజ్ఞాతంగా బతికాడని మెక్సికోలో ఒక ప్రచారం ఉందట. అందులో నిజమెంత?

గగనపథం:

నిజం లేదు. మంటల్లో దేహాలు గుర్తుపట్టలేనంతగా కాలిపోయాయి, శవపేటిక మూసే ఉంచారు. ఆ మూసిన పెట్టె నుంచే ఈ కథలన్నీ పుట్టాయి. చేతికున్న గొలుసు, 1949 ప్రమాదం తరువాత తలలో అమర్చిన ఆ పలక ఆధారంగా గుర్తించారు. ఆయనను పోలిన గొంతుతో పాడే వృద్ధుణ్ని చూపించి ఇతనే పెద్రో అన్నవారు తరువాత వచ్చారు. కుటుంబానికి ఇలాంటి మాటలు ఎంత నొప్పి కలిగిస్తాయో ఆలోచించి, ఈ చర్చలో దాన్ని ఇక్కడితో ఆపుదామని నా మనవి.

కృష్ణాతీరం:

అందరి టపాలూ చదివాక, నిన్న మా పనిచోట ఆ సినలోవా పెద్దాయన దగ్గర కూర్చున్నాను. గ్వామూచిల్ పేరు చెప్పగానే ఆయన పని ఆపేశాడు. వాళ్ల ఊరు అక్కడికి బస్సులో గంటన్నర దూరమట. ఆయన తండ్రి కూడా వడ్రంగే. పెద్రో చనిపోయిన రోజు తండ్రి కొట్టు మూసి, పనిముట్లకు నూనె రాసి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడని, మూడు రోజుల దాకా విప్పలేదని తల్లి చెబుతుండేదట. మా వృత్తిలో ఇంటి పెద్ద పోతేనే అలా చేస్తామని చెప్పి, మళ్లీ చిత్రిక అందుకున్నాడు.

పెట్టె గారి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అది. గొంతు గురించి నాకు అంత తెలియదు. సినిమా చూడని వారికి ఏది ముందు చూడమంటారో దయచేసి చెప్పండి. మా ఇంట్లో అందరం కలిసి చూడాలని అనుకుంటున్నాము.

పాతపాటల పెట్టె:

కృష్ణాతీరం గారూ, ఇంట్లో పిల్లలుంటే "దోస్ తీపోస్ దె కుయిదాదో"తో మొదలుపెట్టండి, నవ్వుతూ చూస్తారు. మరుసటి వారం "నొసోత్రోస్ లోస్ పోబ్రెస్" చూడండి. దాని తరువాయిలో తోరీతో ఘట్టం మాత్రం చిన్నపిల్లలకు చూపించకండి. పాటల్లో "అమోర్సీతో కొరసోన్" మీకు తెలిసిందే. ఆ తరువాత "సియెన్ అన్యోస్" వినండి, "నూరేళ్లు" అని దాని అర్థం. తన పక్క నుంచే పలకరించకుండా వెళ్లిపోయిన మనిషిని, నూరేళ్లు బతికినా తలచుకుంటూనే ఉంటానని చెప్పే పాట అది. రాత్రి భోజనాలయ్యాక, దీపం తగ్గించుకుని, మొదటిసారి ఒంటరిగా వినండి. వీలైతే ఆ పెద్దాయనకు ఒక ప్రతి ఇచ్చి, ఏ చరణం దగ్గర ఈల మొదలుపెడతాడో మాకు రాయండి.